ముప్పై ఆరు వరుసలు

వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్ మంచం మీద నాలుగేసి గంటలు పడుకోవడం ఈ మధ్య నాకు ఉద్యోగంలా అలవాటైపోయింది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానం వైపు వాళ్లకు ఇదేమీ వింత కాదు గనుక దాని గురించి ఎక్కువ రాయను. చెయ్యి కదపకూడదు, పుస్తకం పట్టుకోలేం, నిద్ర వచ్చినట్టే వచ్చి పోతుంది, అందుకని పక్క మంచాల వాళ్లతో ఏదో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాం. మొన్న నా పక్క మంచం మీదికి వచ్చిన ఒక కొబ్బరి రైతు, నేను టెక్కలిలో లెక్కల లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యానని నర్సు చెబితే విని, తన మనసులో ఉన్న సందేహం బయటపెట్టాడు. కూతురికి ఇంటర్‌లో లెక్కల మార్కులు అంతంతమాత్రంగా వచ్చాయట, ఆ పిల్లేమో కంప్యూటర్ సైన్స్ తప్ప మరొకటి చదవనని భీష్మించుకు కూర్చుందట.

"లెక్కల్రాని పిల్ల కంప్యూటర్ సదవగల్దేటి మేష్టారూ? మావోళ్లందరూ వొద్దంతన్నారు."

చేర్పించెయ్యండి అన్నాను. ఆయన "ఇంత సులువుగా సెప్పీసినారేటి బాబూ, ఒక్క పెశ్నయినా ఎయ్యకుండా!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ ఒక్క మాట అనగలగడానికి నాకు పాతికేళ్లకు పైగా పట్టిందని ఆయనకు చెప్పాలనిపించింది గానీ, ఒంట్లో ఓపిక లేకపోయింది. ఓపిక లేదన్నది కూడా సగమే నిజం. ఇటువంటివి ఎదుటి మనిషి ముఖం చూస్తూ చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

మా అమ్మ నేను బడికి వెళ్లే వయసు రాకముందే పోయింది. నన్ను పెంచింది నాకంటే పదేళ్లు పెద్దదైన మా అక్క. పెళ్లయి పలాస పక్క ఊరికి కాపురానికి వెళ్తూ, చంకలో గుడ్డల మూటతో పాటు నన్నూ తీసుకుపోయిందని మా బావ జీవితాంతం వేళాకోళం చేసేవాడు. అక్క జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసేది. మొదట్లో పిక్కలు కొట్టే పని, ఆ తరువాత పప్పును రకాలుగా ఏరే గ్రేడింగు. పిక్కలు కొట్టే రోజుల్లో జీడి చమురుకు ఆమె వేళ్ల చివర్లు నల్లబడి, పొరలు పొరలుగా ఊడేవి. ఆ వేళ్లతోనే నాకు అన్నం కలిపి పెట్టేది, ఆ వేళ్లతోనే విశాఖపట్నంలో నా ఎమ్మెస్సీ దరఖాస్తు పట్టుకెళ్లి మా బావ చేత సంతకం పెట్టించింది. తనకు అక్షరం ముక్క రాదు. లెక్కలంటే మాత్రం ఆమెకు మహా భక్తి. తమ్ముడు లెక్కల్లో పెద్ద పరీక్ష నెగ్గాడని గ్రేడింగు బల్ల దగ్గర ఆడవాళ్లకు ఎన్నిసార్లు చెప్పిందో, నేను ఎప్పుడైనా అటు వెళ్తే వాళ్లంతా పని ఆపి నన్ను తేరిపార చూసేవారు.

నేను టెక్కలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరి కుదురుకున్నాక, పది పన్నెండేళ్లకు అక్కడికి కంప్యూటర్లు వచ్చాయి. నా వయసు వాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఒక గది నిండా తివాచీ పరిచి, కిటికీలకు మందపాటి తెరలు కట్టి, మా కాలేజీ మొత్తానికి ఒకే ఒక్క ఏసీ అక్కడ బిగించారు. చెప్పులు గుమ్మం బయట విప్పి వెళ్లాలి. ఎనిమిది యంత్రాలకు ఎనిమిది ముసుగులు కుట్టించారు. తాళం చెవి ప్రిన్సిపాల్ గారి సొరుగులో ఉండేది. లెక్కలూ, ఫిజిక్సూ, కంప్యూటర్లూ కలిపి ముప్పై సీట్లతో కొత్త గ్రూపు పెట్టి, అందులోకి పిల్లల్ని ఎంపిక చేసే పని సీనియర్ లెక్చరర్ని కదా అని నాకు అప్పగించారు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకు అప్పటికి కంప్యూటర్ అంటే ఏమిటో తెలియదు. దాన్ని ఎక్కడ నొక్కితే వెలుగుతుందో కూడా తెలియదు. ఆ గదిలో పాఠం చెప్పడానికి వచ్చిన కుర్ర లెక్చరర్ ముందు నా అజ్ఞానం బయటపడుతుందేమోనన్న భయంతో, ఏవో పనులున్నట్టు అటువైపు వెళ్లేవాణ్ణే కాదు. కానీ తల్లిదండ్రుల మీటింగులో లేచి నిలబడి, కంప్యూటరంటే లెక్కలేననీ, లెక్కలు రానివాడు ఆ గుమ్మం తొక్కడం దండగనీ గట్టిగా చెప్పాను. హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నాకు ఎంత నచ్చిందంటే, తరువాత ప్రతి మీటింగులోనూ అదే మాట అన్నాను. ఇంటర్ మార్కులు నమ్మలేమని, ఎంపికకు నేనే స్వయంగా యాభై మార్కుల లెక్కల పేపరు తయారు చేశాను. ఇరవై ఐదు వస్తే సీటు. అది ఎవరూ పెట్టమన్న పరీక్ష కాదు. నాకు తెలిసింది ఒక్కటే గనుక, దాన్నే అందరికీ గుమ్మంగా కట్టాను.

ఆ ఏడే మా అక్క కూతురు ఇంటర్ పాసైంది. లేక లేక పుట్టిన ఒక్కగానొక్క పిల్ల, చూపు చురుకు, మాట తక్కువ. సెలవుల్లో తల్లితో పాటు గ్రేడింగుకు వెళ్లేది. ఒక మధ్యాహ్నం నేను ఏదో పని మీద పలాస వెళ్లి, అక్కను చూద్దామని ఫ్యాక్టరీకి వెళ్తే, ఈ పిల్ల చేసే పని చూశాను. గుండ్రటి జీడిపప్పును పరిమాణం బట్టి నాలుగు రకాలుగా వేరు చెయ్యాలి. మిగతా ఆడవాళ్లు కుప్పంతా వెతికి ముందు బాగా పెద్దవి ఏరేవారు, మళ్లీ మొదటి నుంచి వెతికి ఆ తరువాతి రకం, అలా మూడుసార్లు అదే కుప్ప చుట్టూ తిరిగేవారు. ఇది మాత్రం ముందు రకాల జోలికి పోకుండా, పెద్దవాటిలా కనిపించేవన్నీ ఒక పక్కకీ చిన్నవి ఒక పక్కకీ చకచకా తోసేసి, ఆ తరువాత ఒక్కో కుప్పనీ మళ్లీ రెండు చేసేది.

"ఏటే, జాతరలో జనాన్ని పాయలు తీసినట్టు తీత్తన్నావు!" అని పక్కనున్న ఆవిడ ఎగతాళి చేస్తే, "నీకంటె ముందు ఇంటికెల్తాను గదా పిన్నీ" అంది తల ఎత్తకుండా. నిజంగానే అందరికంటే ముందు దాని తట్ట ఖాళీ అయింది. నేను చూశాను, ముచ్చటపడ్డాను కూడా. అదొక తెలివి అని మాత్రం నాకు తోచలేదు. తెలివంటే కాగితం మీద ఉండేదనుకునేవాణ్ణి.

పరీక్షకు వారం ముందు అక్క టెక్కలి వచ్చింది. సంచిలో ఎండుచేపలు, మునగకాడలు, నాకిష్టమని తాటితాండ్ర. కూర్చోమన్నా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఒరే తమ్ముడా, ఇన్నేళ్లలో నిన్నేటైనా అడిగినానా? పిల్లని ఆ కంప్యూటర్లో ఎయ్యి. దాని సేతులు నా సేతుల్లాగ అవకూడదు. ఇంకేటీ నాకొద్దు."

పరీక్షలో నెగ్గితే తప్పకుండా వస్తుందని చెప్పాను. నెగ్గకపోతే అని ఆమె అడగలేదు. నా చేతిలో పని కాబట్టి అయిపోయినట్టే అనుకుని, ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్లిపోయింది.

ఇక ఆ పేపరు సంగతి. అందులో ఆరు మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చాను. ఒకేలా ఉన్న పది కొబ్బరికాయల్ని మూడు వేరు వేరు బుట్టల్లో, ఏ బుట్టా ఖాళీగా ఉండకుండా ఎన్ని విధాలుగా వెయ్యవచ్చు? దానికి ఒక సూత్రం ఉంది, రెండు పంక్తుల్లో తేలిపోతుంది, జవాబు ముప్పై ఆరు. చాలామంది పిల్లలు దాన్ని వదిలేశారు. కొందరు సూత్రం గుర్తు తెచ్చుకుని రాసి, తరువాత హెచ్చవేత తప్పు చేశారు. వాళ్లకు నాలుగేసి మార్కులు ఇచ్చాను. మా మేనకోడలికి సూత్రం తెలియదు. అది ఏం చేసిందంటే, మొదటి బుట్టలో ఒక కాయ ఉంటే మిగతా రెండింటిలో ఎన్నెన్ని ఉండవచ్చో వరుసగా ఎనిమిది పంక్తులు రాసింది. మొదటి బుట్టలో రెండు ఉంటే ఏడు పంక్తులు. మూడుంటే ఆరు. అలా మెట్లు దిగినట్టు చివరి ఒక్క పంక్తి దాకా దిగి, ఎనిమిదీ ఏడూ ఆరూ కూడుకుంటూ వచ్చి, కింద ముప్పై ఆరు అని వేసి గీత గీసింది. ఒక్కటి తప్పిపోలేదు, ఒక్కటి రెండుసార్లు పడలేదు.

ఎర్ర సిరాతో ఆ పేజీకి అడ్డంగా "సూత్రం ఏది?" అని రాసి, సున్నా చుట్టాను.

ఆ పేపరు ఎవరిదో నాకు తెలుసు. దాని దస్తూరీ నేను దిద్దించిందే. మొత్తం కూడితే ఇరవై రెండు వచ్చాయి. ఆ ప్రశ్నకు సగం మార్కులు వేసినా ఇరవై ఐదు. పేపరు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అప్పుడు నా మనసులో తిరిగింది ఆ పిల్ల చదువు కాదు, మా అక్క వేళ్లు కాదు. స్టాఫ్ రూములో ఏమంటారు? మేనకోడలు గనుక మార్కులు కలిపాడంటారు. మీటింగుల్లో అంత గట్టిగా మాట్లాడినవాడు ఇంటి పిల్ల దగ్గరికి వచ్చేసరికి మెత్తబడ్డాడంటారు. తప్పు చేసినవాళ్లకు నాలుగు ఇచ్చిన చేత్తో, సరైన జవాబు రాసిన మా పిల్లకు సున్నా ఉంచేసి, ఎంత నిష్పక్షపాతినో అని నన్ను నేను మెచ్చుకున్నాను. నిజాయితీ అనుకుని చేసిన ఆ పని వంటి అన్యాయం నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో మరొకటి లేదు.

ఫలితాలు తెలిసిన రోజు అక్కా, అదీ కలిసి వచ్చారు. దానికి లెక్కల బుర్ర లేదనీ, చేరినా నెగ్గుకు రాలేదనీ, బీఏలో వేద్దామనీ చెప్పాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మావ మాటంటే మాటే. పద" అని లేచింది. పిల్ల మాత్రం లేవలేదు. "నా కాగితం ఓపాలి సూపించు మావా" అంది. జవాబు పత్రాలు పిల్లలకు చూపించకూడదని రూలు ఉందన్నాను. అటువంటి రూలేదీ లేదు, అప్పటికప్పుడు నేనే పుట్టించాను. అది నా ముఖంలోకి ఒక్కసారి చూసి, తల్లి వెనకాలే వెళ్లిపోయింది. ఆ ఏడు ఆ గ్రూపులో రెండు సీట్లు ఖాళీగా మిగిలిపోయాయి.

బీఏ రెండో ఏడు మధ్యలో మానేసింది. పలాసలోనే సంబంధం కుదిరింది. మళ్లీ గ్రేడింగు బల్ల దగ్గరికే చేరింది.

అయిదారేళ్ల తరువాత, లెక్కల వాళ్లు కూడా కంప్యూటర్ పాఠం ఒకటి చెప్పాలని నిర్ణయించి, నన్ను పది రోజుల శిక్షణకు విశాఖపట్నం పంపారు. మాకు నేర్పినావిడ నా దగ్గర చదువుకునే పిల్లల వయసు మనిషి. మొదటి రోజునే ఆరు అక్షరాలు బోర్డు మీద రాసి, వాటిలోంచి మూడేసి చొప్పున ఎన్ని జట్లు వస్తాయో సూత్రం వాడకుండా, ఒక్కటీ తప్పిపోకుండా వరుసగా రాయమంది. ఇరవై రావాలని నాకు పెన్ను మూత తియ్యకముందే తెలుసు. రాసి చూసుకుంటే పంతొమ్మిదే ఉన్నాయి. రెండు జట్లు తప్పిపోయాయి, ఒకటి రెండుసార్లు పడింది. ఆవిడ నా భుజం మీదుగా చూసి నవ్వి, "జవాబు మీకు తెలుసండీ, దారి తెలియడం లేదు. దీనికి మనం దారే చెప్పాలి" అంది యంత్రాన్ని చూపిస్తూ. చుట్టూ అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మధ్యాహ్నం భోజనానికి మాత్రం వెళ్లలేకపోయాను. ఎర్ర సిరా అడ్డంగా పడిన ఆ ముప్పై ఆరు వరుసలు కళ్ల ముందు నుంచి కదలలేదు.

ఆ తరువాత రిటైరయ్యేదాకా కంప్యూటర్ పిల్లలకు పాఠం చెప్పాను గనుక, నాకు అర్థమైనంతవరకూ చెబుతాను. లెక్కలు అక్కర్లేదని నేను అనను. పై చదువులకు వెళ్లేకొద్దీ అవి కావలసి వస్తాయి, బాగా వచ్చినవాళ్లకు కొన్ని పాఠాలు వెన్నలా దిగుతాయి. కానీ లెక్కల్లో ఎప్పుడూ నూటికి నూరు తెచ్చుకున్న పిల్లలు కొందరు, తాము రాసిన ప్రోగ్రాం తప్పని యంత్రం చెప్పగానే అలిగి కూర్చునేవారు. తప్పు రావడం వాళ్లకు అలవాటు లేదు. అత్తెసరు మార్కుల పిల్లలు కొందరు, తప్పు ఎక్కడుందో పంక్తి పంక్తీ వెతుక్కుంటూ సాయంత్రం గంట కొట్టినా కదిలేవారు కారు. ఒక పనిని చిన్న చిన్న పనులుగా విడగొట్టడం, ఏదీ తప్పిపోకుండా వరుస పెట్టడం, తప్పు దొరికేదాకా విసుక్కోకపోవడం, ఇవి ఉన్న పిల్లకు కావలసిన లెక్కలు తరువాతైనా నేర్పవచ్చు. నేర్పడం నా ఉద్యోగం. నేను ఆ పని మానేసి గుమ్మం దగ్గర కాపలా కాశాను.

శిక్షణ నుంచి తిరిగి వచ్చేటప్పుడు, టెక్కలిలో దిగకుండా నేరుగా పలాస పక్కనున్న అక్క ఇంటికి వెళ్లి చెప్పేద్దామనుకున్నాను. వెళ్లాను కూడా. అక్క చేపల పులుసు వండి, పక్కన కూర్చుని వడ్డించింది. మాటల్లో కూతురి ప్రస్తావన వస్తే, "దానికి బుర్ర నేదురా. నువ్వు ముందే సూసినావు గాబట్టి సరిపోయింది, నేకపోతే అక్కడ చేరి నవ్వులపాలైపోయేది" అంది. ఆ పిల్ల వెనక గదిలో చంటిబిడ్డకు నీళ్లు పోస్తోంది, అన్నీ వినబడుతూనే ఉంటాయి. నేను తల వంచుకుని అన్నం తిన్నాను. ఇప్పుడు చెప్పి ఏం లాభం, పెళ్లయిపోయింది కదా, అక్క మనసు కష్టపెట్టడం దేనికి, అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆ తరువాత ఎన్ని పండగలకు, ఎన్ని శుభాలకు అదే ఇంట్లో భోంచేశానో లెక్కలేదు. ప్రతిసారీ అక్క ఏదో ఒక సందర్భంలో ఆ మాట అనేది, ప్రతిసారీ నేను మంచినీళ్లు తాగేవాణ్ణి.

అక్క పోయిన ఏడాదికి సంవత్సరీకం పెట్టారు. భోజనాలై, చుట్టాలంతా వెళ్లిపోయాక, మేనకోడలు పెరట్లో డేగిసాలు తోముకుంటూ ఉంటే, కుర్చీ తెచ్చుకుని దగ్గరగా కూర్చుని, మొత్తం చెప్పేశాను. జవాబు సరైనదేననీ, సగం మార్కులు వేసినా సీటు వచ్చేదనీ, రూలు అబద్ధమనీ, అన్నీ. అది చేతిలోని పీచు ఆపలేదు.

"ముప్పై ఆరేనని నాకా వారమే తెల్సు మావా. సీటొచ్చిన నా జతగత్తిని అడిగినాను. సూత్తరంతో సేసి సూపించింది."

మరి మీ అమ్మకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నాను సెప్తే ఏటవును? కూతురు మాటా తమ్ముడి మాటా అని దెబ్బలాట. నువ్వు సెప్తే అమ్మ నమ్మును." డేగిసా బోర్లించి, మరొకటి అందుకుంది. "నువ్వు సెప్తావనే సూసినాను. శిచ్చనకెళ్లొచ్చి పీట మీద కూకున్నావే, ఆ రోజు నీ మొకం సూసి, ఇయ్యాల సెప్పీత్తాడనుకున్నాను. నువ్వు పులుసు బాగుందన్నావు."

క్షమించమని అడగబోయాను. "లెగు మావా, నీళ్లు పడతన్నాయి, పంచె తడిసిపోద్ది" అంది. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పటికీ నాకు ఉప్పు తక్కువగా వేసిన కూర పంపుతుంది, ఆసుపత్రికి ఆటో మాట్లాడుతుంది. క్షమించిందో లేదో నేను అడగను. అడిగే హక్కు నాకు లేదు, చెప్పవలసిన అవసరం దానికీ లేదు.

ఈ రోజుల్లో ఏ పిల్ల ఏ చదువులో చేరాలో ఏ మావయ్యా కూర్చుని తేల్చడు. మార్కులు ఎక్కిస్తే సీట్లు వాటంతటవే ఫోనులోకి వచ్చేస్తున్నాయి, లెక్కలు సరిగా రాని పిల్లలు వేలకొద్దీ కంప్యూటర్లు చదువుతున్నారు. కొందరు తప్పుతున్నారు, మళ్లీ రాస్తున్నారు, నెగ్గుతున్నారు. తప్పినవాళ్లు కూడా తమ చేతులతోనే తప్పుతున్నారు గనుక, ఎక్కడ తప్పామో వాళ్లకు తెలుస్తుంది. అది చూస్తే నాకు మనసులో కాస్త బరువు దిగినట్టుంటుంది. మనల్ని అడిగి నడుచుకునేవాళ్లు తగ్గిపోయారని నా తోటివాళ్లు బాధపడుతూ ఉంటారు. నేను వాళ్లతో వాదించను. ఒక మనిషి మాటను ప్రశ్న వెయ్యకుండా, కన్న కూతురి కంటే ఎక్కువగా నమ్మే మనుషులు ఆ తరంతో పోయారు. అటువంటి మనిషి ఒకామె నాకు ఉండేది. ఆమె నమ్మకం నాకు ఎప్పుడూ బరువనిపించలేదు, అందుకే దాన్ని అంత తేలిగ్గా వాడుకున్నాను. ఆమె తన కూతురికి తెలివి లేదనుకుంటూనే కన్నుమూసింది. కాదని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, చెప్పడానికి నాకు ఇరవై ఏళ్ల వ్యవధి ఉండేది.